డ్రాయింగ్ షీటు నుంచి ఆటోక్యాడ్ దాకా: పాలిటెక్నిక్ విద్యార్థికి సమగ్ర మార్గదర్శి

పాలిసెట్ రాసి మెకానికల్‌లోనో సివిల్‌లోనో చేరినవాళ్లకి మొదటి ఏడాదిలోనే ఇంజనీరింగ్ డ్రాయింగ్ ఎదురవుతుంది. బీటెక్‌లో చేరినా ఇదే విషయం ఇంజనీరింగ్ గ్రాఫిక్స్ అన్న పేరుతో వస్తుంది. ఆఫీసుల్లో అంతా కంప్యూటర్ మీదే గీస్తున్నప్పుడు ఈ బోర్డు, డ్రాఫ్టర్ (బోర్డుకి బిగించి సమాంతర గీతలు గీసే స్కేలు పరికరం) మోసుకు తిరగడం ఎందుకని చాలామంది విసుక్కుంటారు. చిక్కేమిటంటే, ఆటోక్యాడ్ అన్న డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ మీరు చెప్పిన గీత గీస్తుందే తప్ప ఏ గీత ఎక్కడ రావాలో చెప్పదు. సెక్షన్ వ్యూలో (వస్తువును కోసి లోపలి భాగం చూపే బొమ్మలో) ఒక గీత తగ్గితే అది మిమ్మల్ని హెచ్చరించదు. అలాగని చేత్తో గీసింది నమ్మడానికీ లేదు, పెన్సిల్ మొన మందంలోనే అర మిల్లీమీటరు పోతుంది. కాబట్టి ఒకే బొమ్మను షీటు మీదా స్క్రీన్ మీదా వేసి, ఒకదానితో ఇంకోదాన్ని సరిచూసుకోవాలి. కింద చెప్పేదంతా ఆ పద్ధతిలోనే.

సామాను

కొనాల్సినవి ఎక్కువ లేవు. ఏ2 షీటుకి 700 × 500 మి.మీ. బోర్డు సరిపోతుంది. మినీ డ్రాఫ్టర్, పెద్ద కంపాస్, డివైడర్, 45 డిగ్రీలదీ 30–60 డిగ్రీలదీ రెండు సెట్ స్క్వేర్లు, ఫ్రెంచ్ కర్వులు, ప్రొట్రాక్టర్, మెత్తటి రబ్బరు, షీట్లు పెట్టుకునే గొట్టం. పెన్సిళ్లు మూడు రకాలు: సన్న గీతలకి 2హెచ్, తుది గీతలకి హెచ్, అక్షరాలకి హెచ్‌బీ. 0.5 మి.మీ. మెకానికల్ పెన్సిల్ వాడితే మొన చెక్కే పని తప్పుతుంది. కంపాస్‌లో మాత్రం పెన్సిల్ ములుకు (లెడ్) ఉండాల్సిందే. దాన్ని గరుకు కాగితం మీద ఒకవైపు ఏటవాలుగా అరగదీసుకోండి, లేకపోతే వృత్తం మొదలైన చోటా ముగిసిన చోటా మందం వేరుగా కనిపిస్తుంది.

డ్రాఫ్టర్ కొనేటప్పుడు అంగట్లోనే ఒక పరీక్ష చేయండి. బోర్డుకి బిగించి పైన ఒక అడ్డగీత గీయండి. స్కేలును కిందికి జరిపి ఇంకోటి గీయండి. రెండు గీతల మధ్య దూరం ఎడమ చివరా కుడి చివరా ఒకేలా ఉంటేనే కొనండి. ఎంత ఖరీదైనదైనా కీళ్ల దగ్గర లూజుంటే పనికిరాదు.

షీటు బిగించడం, గీతలు, అక్షరాలు

డ్రాఫ్టర్ క్లాంపును బోర్డు పైఅంచున ఎడమవైపు బిగించాలి. షీటు పైఅంచును డ్రాఫ్టర్ స్కేలుకి సమాంతరంగా సర్ది, నాలుగు మూలలా టేపు వేయండి. చాలామంది ముందు షీటు అంటించి తర్వాత డ్రాఫ్టర్ బిగిస్తారు. అప్పుడు బోర్డర్ గీతకీ కాగితం అంచుకీ మధ్య ఒక కొస 10, ఇంకో కొస 13 వస్తుంది.

ఏ2 షీటు 594 × 420, ఏ3 షీటు 420 × 297 మి.మీ. ఈ రెండింటికీ ఫైలింగ్ కోసం ఎడమవైపు 20, మిగతా మూడు వైపులా 10 వదిలి బోర్డర్ గీస్తారు. టైటిల్ బ్లాక్ (పేరు, స్కేలు లాంటి వివరాలు రాసే పెట్టె) కింద కుడి మూలన. ఈ పద్ధతులన్నిటికీ మన దేశంలో ఆధారం భారతీయ ప్రమాణాల సంస్థ ప్రచురించిన ఎస్‌పీ 46. కాలేజీ ఇచ్చిన టైటిల్ బ్లాక్ కొలత దానికి కాస్త తేడాగా ఉంటే కాలేజీదే పాటించండి, మార్కులు వేసేది వాళ్లే.

గీతల్లో మందం రెండే రకాలు: మందమైనది, దానిలో సగముండేది. 0.5, 0.25 అనుకోండి. కనిపించే అంచులు మందం. మరుగున పడిన అంచులకి సన్నటి చుక్కగీత (చిన్న చిన్న ముక్కలుగా తెగిన గీత), మధ్యరేఖలకి ఒక పొడుగు ఒక పొట్టి గొలుసుగీత, కొలత గీతలకీ హాచింగ్‌కీ (కోసిన భాగాన్ని చూపే ఏటవాలు గీతలకి) సన్న గీత. షీటు చూడగానే 'ఇది బాగుంది' అనిపించేది ఈ మందం తేడా వల్లే. అన్నీ ఒకే మందంలో గీస్తే ఎంత కరెక్టుగా గీసినా బొమ్మ చదునుగా, ప్రాణం లేనట్టు ఉంటుంది.

అక్షరాల ఎత్తులు 2.5, 3.5, 5, 7, 10 ఇలా వెళతాయి. కొలతలకి 3.5, ఉపశీర్షికలకి 5, శీర్షికకి 7 చాలు. రెండు సన్న గీతలు గీసుకుని వాటి మధ్య రాయాలి. బొమ్మకి మొదటి కొలత గీత 8 నుంచి 10 మి.మీ. దూరంలో ఉండాలి, తర్వాతివి దాదాపు 8 మి.మీ. ఎడంతో. బాణం మొన పొడవు వెడల్పుకి మూడు రెట్లు. చిన్న కొలత లోపల, పెద్ద కొలత బయట. తిరగేస్తే గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటాయి.

ఫస్ట్ యాంగిల్ తలకెక్కించుకోవడం

వస్తువును ఒక్కో వైపు నుంచి చూసి కాగితం మీద గీయడాన్ని ప్రొజెక్షన్ అంటారు. అందులో మన దగ్గర వాడేది ఫస్ట్ యాంగిల్ పద్ధతి. వస్తువు మీకూ గోడకీ మధ్యలో ఉంటుంది, దాని నీడ వెనక గోడ మీద పడుతుంది. అందుకే పైనుంచి చూసిన టాప్ వ్యూ, ముందు నుంచి చూసిన ఫ్రంట్ వ్యూకి కింద, ఎడమ నుంచి చూసింది కుడివైపున వస్తాయి. బట్టీ పట్టొద్దు. అగ్గిపెట్టె తీసుకుని టేబుల్ మీద గోడ దగ్గర పెట్టి, టార్చి వేసి నీడ ఎటు పడుతుందో పదిసార్లు చూడండి. హైదరాబాద్‌లో అమెరికా కంపెనీలకి పనిచేసే డిజైన్ ఆఫీసులో చేరితే థర్డ్ యాంగిల్ (టాప్ వ్యూ పైన వచ్చే పద్ధతి), అంగుళాల కొలతలు ఎదురవుతాయి. ఏ పద్ధతో టైటిల్ బ్లాక్‌లో ఉన్న కోసేసిన శంకువు గుర్తు చెబుతుంది. దాన్ని చూడకుండా డ్రాయింగ్ చదవడం మొదలుపెట్టకూడదు.

సరళరేఖ ప్రొజెక్షన్: ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే

ఒక లెక్క పూర్తిగా చేద్దాం. ఏబీ అనే రేఖ పొడవు 80 మి.మీ. దాని ‘ఏ’ అన్న కొస హెచ్‌పీకి (అడ్డతలానికి) 20 పైన, వీపీకి (నిలువు తలానికి) 15 ముందు ఉంది. రేఖ హెచ్‌పీతో 30 డిగ్రీలు, వీపీతో 45 డిగ్రీలు చేస్తోంది. ప్రొజెక్షన్లు గీయాలి.

1. ఎక్స్‌వై గీత (హెచ్‌పీ, వీపీ కలిసే అడ్డగీత) గీయండి. ఒకే నిలువు ప్రొజెక్టర్ (రెండు వ్యూలనీ కలిపే సన్నగీత) మీద 20 పైన ఏ ఫ్రంట్ వ్యూ బిందువు, 15 కింద ఏ టాప్ వ్యూ బిందువు పెట్టండి.
2. ఫ్రంట్ బిందువు నుంచి పైకి 30 డిగ్రీల్లో 80 పొడవు గీయండి. దాని కొస నుంచి అడ్డంగా సన్నగీత సాగదీయండి, బీ ఫ్రంట్ వ్యూ ఈ గీత మీదే ఎక్కడో ఉంటుంది. అదే కొసను నిలువుగా దింపి, ఏ టాప్ బిందువు నుంచి గీసిన అడ్డగీత మీద కోయండి. అక్కడ వచ్చిన పొడవే టాప్ వ్యూ అసలు పొడవు.
3. ఇప్పుడు టాప్ బిందువు నుంచి కిందికి 45 డిగ్రీల్లో 80 గీయండి. దాని కొస నుంచి అడ్డంగా సన్నగీత, ఇది బీ టాప్ వ్యూ ఉండే గీత. ఆ కొసను పైకి లేపి, ఏ ఫ్రంట్ బిందువు నుంచి గీసిన అడ్డగీత మీద కోస్తే ఫ్రంట్ వ్యూ పొడవు దొరుకుతుంది.
4. ఏ ఫ్రంట్ బిందువు కేంద్రంగా, ఫ్రంట్ వ్యూ పొడవు వ్యాసార్ధంగా చాపం వేసి, రెండో మెట్టులో గీసిన సన్నగీతను కోయండి. అది బీ ఫ్రంట్ వ్యూ. టాప్ వైపు కూడా టాప్ వ్యూ పొడవుతో అలాగే చేయండి.
5. రెండు బీ బిందువులూ ఒకే నిలువు గీత మీద పడాలి. పడకపోతే ఎక్కడో తప్పు చేశారు.

జవాబు లెక్కకట్టి చూసుకోవచ్చు. ఫ్రంట్ వ్యూ 80 × కాస్ 45, అంటే 56.6. టాప్ వ్యూ 80 × కాస్ 30, అంటే 69.3. బీ కొస ఏ కన్నా 40 ఎత్తులో, 56.6 ముందుకి ఉంటుంది. రెండు కొసల ప్రొజెక్టర్ల మధ్య దూరం సరిగ్గా 40. ఫ్రంట్ వ్యూ ఎక్స్‌వైతో 45 డిగ్రీలు, టాప్ వ్యూ దాదాపు 55 డిగ్రీలు చేస్తాయి. మీ షీటు మీద అర మిల్లీమీటరు అటూ ఇటూ వస్తే పరవాలేదు. 2 మి.మీ. తేడా వస్తే ప్రొట్రాక్టర్ కేంద్రం సరిగ్గా పెట్టలేదని అర్థం.

ఫ్రంట్ వ్యూలో కనిపించే కోణం అసలు కోణం కాదు, రెండు వంపులూ కలిసి దాన్ని పెంచేస్తాయి. 30 కాస్తా 45 అయింది చూడండి. ఇచ్చిన రెండో కోణం కూడా 45 కావడం ఈ లెక్కలో కాకతాళీయమే, రెండింటినీ ముడిపెట్టుకోవద్దు. మూడు, నాలుగు మెట్ల మధ్య పొడవులు తారుమారు చేయడం ఇంకో మామూలు తప్పు. చాపం ఏ పొడవుతో వేస్తున్నారో పక్కనే పెన్సిల్‌తో రాసుకోండి. నిర్మాణ గీతలు చెరిపేయకండి, దిద్దేవాళ్లు చూసేది వాటినే.

ఇప్పుడు ఇదే లెక్క ఆటోక్యాడ్‌లో. లైన్ కమాండ్ ఇచ్చి మొదటి బిందువుకి 0,0,0 అని, రెండోదానికి @40,-56.57,40 అని కొట్టండి. డిస్ట్ కమాండ్‌తో కొలిస్తే 80.00 వస్తుంది. తెర మూలన ఉండే వ్యూ క్యూబ్‌లో టాప్ నొక్కితే మీ షీటు కింది భాగం, ఫ్రంట్ నొక్కితే పై భాగం అచ్చంగా కనిపిస్తాయి. ఇంకో వైపు తిప్పితే రేఖ గాలిలో వాలి ఉన్నది తెలుస్తుంది. నెల రోజులు అర్థం కానిది ఈ ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది, కానీ షీటు మీద గీసి ఉంటేనే.

కర్వులు, ఐసోమెట్రిక్: గుర్తుంచుకోవాల్సినవి

దీర్ఘవృత్తానికి ఫోకస్ (నాభి) నుంచి డైరెక్ట్రిక్స్ (నియత రేఖ) దూరం 50, ఎక్సెంట్రిసిటీ (వక్రం మీది బిందువుకి ఫోకస్ దూరం, డైరెక్ట్రిక్స్ దూరం నిష్పత్తి) 2/3 ఇస్తే 50ని ఐదు భాగాలు చేయండి. శీర్షం డైరెక్ట్రిక్స్ నుంచి మూడో భాగం మీద, 30 దూరంలో ఉంటుంది. ఫోకస్‌కి 20, నిష్పత్తి సరిపోయింది. వంపు ఎక్కువగా ఉన్న చోట బిందువులు దగ్గరగా తీసుకోండి, ఫ్రెంచ్ కర్వు ఒకేసారి కనీసం నాలుగు బిందువుల మీద కూర్చోవాలి.

మూడు వైపులూ ఒకేసారి కనిపించే బొమ్మ ఐసోమెట్రిక్. ఐసోమెట్రిక్ వ్యూకి అసలు కొలతలు, ఐసోమెట్రిక్ ప్రొజెక్షన్‌కి 0.816 రెట్లు. ప్రశ్నలో ఏ మాట ఉందో చదవకుండా గీసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ప్రొజెక్షన్‌లో గోళాన్ని మాత్రం అసలు వ్యాసార్ధంతోనే గీయాలి, దాని కేంద్రం ఎత్తుకి ఐసోమెట్రిక్ స్కేలు వాడాలి.

ఆటోక్యాడ్ తెరిచాక మొదటి పావుగంట

విద్యార్థులకి ఆటోడెస్క్ సైట్‌లో చదువు రుజువు చూపిస్తే ఏడాది లైసెన్సు ఉచితంగా వస్తుంది, చదువుతున్నంత కాలం పొడిగించుకోవచ్చు. 8 జీబీ ర్యామ్ లేని పాత ల్యాప్‌టాప్ అయితే లిబ్రేక్యాడ్ వాడండి. అది పూర్తిగా ఉచితం, టూడీ సాధనకి చాలు.

కొత్త ఫైలుకి ఏక్యాడ్‌ఐఎస్‌ఓ టెంప్లేట్ ఎంచుకోండి. పొరపాటున ఏక్యాడ్ అన్న అంగుళాల టెంప్లేట్ తీసుకుంటే కొలత అక్షరాలు 0.18 ఎత్తుతో చుక్కల్లా కనబడతాయి, హాచింగ్ నల్లగా నిండిపోతుంది. ల్యాబులో వినిపించే ఫిర్యాదుల్లో సగం ఈ ఒక్క తప్పు నుంచే.

తర్వాత లేయర్లు (ఒక్కో రకం గీతకి ఒక్కో పొర): ఔట్‌లైన్ 0.50 మందం, సెంటర్, హిడెన్, డైమెన్షన్, హాచ్ ఒక్కోటీ 0.25. సెంటర్, హిడెన్ లైన్‌టైపులు లోడ్ చేసుకోవాలి. సెంటర్ లైన్‌టైపులో ఒక పొడుగు గీతే 31.75 మి.మీ. ఉంటుంది, కాబట్టి చిన్న రంధ్రం దగ్గర అది మామూలు గీతలా కనిపిస్తుంది. తెగిన గీతల పొడవును మార్చే ఎల్‌టీస్కేల్ 0.3 పెట్టండి. డెఫ్‌పాయింట్స్ అన్న లేయర్ తనంతట తనే పుడుతుంది, అందులో ఏమీ గీయొద్దు, అది ప్రింటులో రాదు.

ఎఫ్3 ఆబ్జెక్ట్ స్నాప్ (కర్సర్‌ను కచ్చితమైన బిందువుకి పట్టేది), ఎఫ్8 ఆర్థో (అడ్డం, నిలువు గీతలే), ఎఫ్10 పోలార్ (ఎంచుకున్న కోణాల్లో గీతలు), ఎఫ్12 డైనమిక్ ఇన్‌పుట్ (కర్సర్ పక్కనే అంకెలు కొట్టడం). ఆర్థో వేస్తే పోలార్ ఆగిపోతుంది. స్నాప్‌లో ఎండ్‌పాయింట్, మిడ్‌పాయింట్, సెంటర్, క్వాడ్రంట్, ఇంటర్‌సెక్షన్ చాలు. అన్నీ టిక్కు పెడితే కర్సర్ నియరెస్ట్‌కి (గీత మీద దగ్గర్లో ఉన్న ఏదో బిందువుకి) అతుక్కుని గీతలు ఒక వెంట్రుకవాసి పక్కకి పోతాయి. చూపుకి తెలియదు, హాచ్ చేసేటప్పుడు బయటపడుతుంది.

ఒక ఫ్లాంజ్ మొదలు నుంచి చివరి దాకా

ఫ్లాంజ్ అంటే బోల్టులు బిగించే గుండ్రటి పళ్లెం, హబ్ అంటే దాని మధ్య నుంచి ముందుకొచ్చే గొట్టం. ఫ్లాంజ్ వ్యాసం 120, మందం 15. హబ్ వ్యాసం 70, మొత్తం పొడవు 50. మధ్య రంధ్రం 40. వ్యాసం 95 ఉన్న పిచ్ వృత్తం (బోల్టు రంధ్రాల కేంద్రాలు ఉండే వృత్తం) మీద 12 మి.మీ. బోల్టు రంధ్రాలు ఆరు, ఒకటి సరిగ్గా పైన. హబ్ మన వైపుకి ఉంది. ఫ్రంట్ వ్యూ, నిలువు మధ్యరేఖ వెంట కోసిన ఎడమ సైడ్ వ్యూ కావాలి.

షీటు మీద ముందు జాగా లెక్క. ఏ3లో బోర్డర్ లోపల 390 × 277. బొమ్మల వెడల్పు 120 + 50, మధ్యలో 60, మొత్తం 230. మిగిలిన 160ని చెరి సగం ఎడమా కుడీ వదలండి. ఎత్తులో పైనా కిందా దాదాపు 78 మిగులుతుంది. టైటిల్ బ్లాక్ ఉంది కనుక బొమ్మను 15 పైకి జరపండి. ఈ లెక్క చేయకుండా మొదలుపెట్టి, చివరి కొలతకి చోటు లేక షీటు మార్చినవాళ్లకి దీని విలువ తెలుసు.

స్క్రీన్ మీద:

1. సెంటర్ లేయర్‌లో అడ్డం, నిలువు మధ్యరేఖలు. కలిసే చోట వృత్తాలు 120, 70, 40. సర్కిల్ కమాండ్ అడిగేది వ్యాసార్ధం. 120 అని కొట్టేస్తే 240 వృత్తం వస్తుంది. వ్యాసం ఇవ్వాలంటే ముందు డి నొక్కండి.
2. 95 వృత్తం సెంటర్ లేయర్‌లో. దాని పై క్వాడ్రంట్ (వృత్తం పైకొస బిందువు) దగ్గర 12 వ్యాసం రంధ్రం. తర్వాత పోలార్ అర్రే (వృత్తం చుట్టూ కాపీలు వేసే కమాండ్), కేంద్రం మధ్యబిందువు, సంఖ్య 6.
3. అంతులేని గీత గీసే ఎక్స్‌లైన్ కమాండ్‌లో హారిజాంటల్ ఎంచుకుని పై సగం నుంచి ఐదు అడ్డగీతలు తీయండి: 120, 70, 40 వృత్తాల పైకొసలూ, బోల్టు రంధ్రం పైకొస, కింది కొస. మధ్యరేఖ నుంచి వాటి ఎత్తులు పై నుంచి వరసగా 60, 53.5, 41.5, 35, 20. ఈ అంకెలు రాకపోతే స్నాప్ తప్పు చోట పట్టింది.
4. కుడివైపు 60 దూరంలో ఒక నిలువు గీత, దాని నుంచి 15, 50 దూరాల్లో ఆఫ్‌సెట్. ఫ్లాంజ్ ఎడమ, హబ్ కుడి. ట్రిమ్‌తో అదనపు ముక్కలు తీసేసి, మధ్యరేఖ మీద మిర్రర్ చేయండి.
5. ఆన్సీ31 (ఏటవాలు గీతల నమూనా) హాచ్, స్కేలు 1. గీతల ఎడం 3.175 మి.మీ. వస్తుంది, ఏ3కి చక్కగా సరిపోతుంది.

హబ్ ఎటువైపు ఉండాలన్నదే ఇందులో మెలిక. ఎడమ నుంచి చూస్తే వస్తువు ముందు భాగం మీకు కుడిచేతి వైపు ఉంటుంది, అందుకే సైడ్ వ్యూలో హబ్ కుడికి. ఎడమకి గీస్తే ఫ్రంట్ వ్యూలో 70 వృత్తం చుక్కగీత కావాలి, రెండు బొమ్మలూ ఒకదాన్నొకటి కాదంటాయి.

హాచ్ అయ్యే భాగాలు నాలుగే. పై సగంలో 53.5 నుంచి 60 దాకా సన్న ముక్క ఒకటి, దాని కింద ఫ్లాంజ్, హబ్ కలిసి ఉన్న ఎల్ ఆకారపు ముక్క ఒకటి, కింది సగంలో మళ్లీ రెండు. రంధ్రాల్లో హాచ్ పడకూడదు. ఇంకో మాట, మధ్య రంధ్రం రెండు చివర్లా నిలువు గీతలు ఉండాలి. కోసిన తలం వెనక ఉన్న గుండ్రటి అంచు మనకి నిలువు గీతలా కనబడుతుంది. ఈ గీత మరిచిపోతే రంధ్రం తెరిచి ఉన్న కాలువలా కనిపిస్తుంది, దాదాపు ప్రతి కొత్తవాడూ మరిచిపోతాడు. బోల్టు రంధ్రాలకీ ఇంతే.

'హద్దు మూసుకోలేదు' అన్న సందేశం వస్తే ఎక్కడో మూల కలవలేదు. జూమ్ చేసి వెతికే బదులు మూలలు కలిపే ఫిల్లెట్ కమాండ్‌లో వ్యాసార్ధం 0 పెట్టి రెండు గీతల్నీ నొక్కండి, మూల కలుస్తుంది. ఒకదాని మీద ఒకటి పడిన గీతలు ఓవర్‌కిల్ కమాండ్‌తో పోతాయి.

కొలతలు ఇచ్చేటప్పుడు రంధ్రాలకి ఒక్కోదానికీ విడిగా వద్దు, '6 రంధ్రాలు, వ్యాసం 12' అని ఒకచోట ఇస్తే చాలు. వ్యాసం గుర్తుకి రెండు పర్సెంట్ గుర్తులు కొట్టి సీ నొక్కాలి. కొలత తప్పు వస్తే అంకెను చేత్తో మార్చి రాయకండి. బొమ్మనే సరిచేయండి. అంకె మార్చిన ఫైలు వర్క్‌షాపుకి వెళితే ముక్క పాడవుతుంది.

సివిల్ వాళ్లకి

బొమ్మ ఎప్పుడూ 1:1లోనే, మిల్లీమీటర్లలోనే గీయండి. లోపల 3600 × 3000 గది, చుట్టూ 230 గోడ అంటే రెక్టాంగిల్ గీసి బయటికి 230 ఆఫ్‌సెట్. బయటి కొలత 4060 × 3460 రావాలి. స్కేలు మాట ప్రింటు దగ్గరే. 1:50లో కాగితం మీద 3.5 అక్షరం కావాలంటే మోడల్‌లో 175 ఎత్తు ఇవ్వాలి. తలుపులు, కిటికీలు బ్లాకులుగా (మళ్లీ మళ్లీ వాడుకునే బొమ్మలుగా) చేసి పెట్టుకుంటే తర్వాతి ప్లాన్లకి సగం పని తగ్గుతుంది.

ప్రింటు, ఫైళ్లు

లేఔట్‌లో (ప్రింటు కాగితాన్ని చూపే ట్యాబ్‌లో) ఏ3 పెట్టి, వ్యూపోర్ట్ (బొమ్మ కనిపించే కిటికీ) స్కేలు ఫ్లాంజ్‌కి 1:1 చేసి లాక్ చేయండి. ప్లాట్ స్టైల్ మోనోక్రోమ్. లేకపోతే పసుపు గీతలు కాగితం మీద మాయమవుతాయి. 'ఫిట్ టు పేపర్' టిక్కు తీసేయండి. పీడీఎఫ్ నుంచి ప్రింటు వేసే జిరాక్స్ షాపులోనూ 'యాక్చువల్ సైజ్' అనే చెప్పాలి. కాగితం చేతికొచ్చాక స్కేలు పెట్టి ఫ్లాంజ్ వ్యాసం కొలవండి. 120 కాకుండా 113 వస్తే ఎక్కడో ఫిట్ అయింది.

ల్యాబులో కరెంటు పోవడం మామూలే. పది నిమిషాలకోసారి కంట్రోల్ ఎస్. డీడబ్ల్యూజీ ఫైలు తెరుచుకోకపోతే ముందు రికవర్ కమాండ్ ప్రయత్నించండి. అదీ కాకపోతే పక్కనే ఉన్న బీఏకే ఫైలు కాపీ తీసి, దాని చివరి పేరు డీడబ్ల్యూజీగా మార్చి తెరవండి, అంతకు ముందు సేవ్ చేసిన బొమ్మ దొరుకుతుంది. ఇంట్లో కొత్త వెర్షన్, ల్యాబులో పాతది ఉంటే సేవ్ యాజ్‌లో 2013 ఫార్మాట్ ఎంచుకోండి. ప్రాక్టికల్ పరీక్ష ముందు రోజు ఆ ఫైలును ల్యాబు కంప్యూటర్‌లోనే ఒకసారి తెరిచి, లైన్‌టైపులూ కొలతలూ మారకుండా వచ్చాయో లేదో చూసుకోండి.